పోకెమాన్ లీగ్‌లో మరీ బలమైనవాటిని బ్యాన్ చేయాలా? నా అనుభవంలో తెలిసింది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 12 మందితో ఆన్‌లైన్‌లో పోకెమాన్ సింగిల్స్ (ఒకటికి ఒకటి తలపడే) లీగ్ నడుపుతున్నారు. బ్యాన్‌లు ఏమీ పెట్టలేదు. ఒక ఆటగాడు షాడో రైడర్ కాలిరెక్స్ అనే పోకెమాన్‌తో వరసగా మూడు వారాలు గెలిచాడు. సగం మంది దాన్ని తీసేయమంటున్నారు. మిగతా సగం మంది "ఓడిపోయినవాళ్ళు ఆట నేర్చుకోవాలి గానీ రూల్స్ మార్చమనకూడదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కాలిరెక్స్ మట్టుకు నా జవాబు సూటిగా చెప్తాను. మామూలు సింగిల్స్ లీగ్‌లో దాన్ని బ్యాన్ చేయండి. కానీ "చాలా బలంగా ఉంది" అనే కారణం చూపించి మాత్రం చేయకండి. ఆ కారణంతో మొదలుపెడితే బ్యాన్‌లు ఎక్కడా ఆగవు. ఎందుకో వివరంగా చెప్తాను. డైమండ్, పర్ల్ గేమ్స్ రోజుల నుంచి ఈ ఆట ఆడుతున్నాను, చిన్న లీగ్‌లు కొన్ని నడిపాను, వాటిలో ఒకటి నా చేతుల్లోనే పాడైంది కూడా. అది కూడా చెప్తాను.

ముందు బలం అంటే ఏమిటో చూద్దాం. చాలామంది బేస్ స్టాట్స్ (ప్రాణం అంటే హెచ్‌పీ, ఎటాక్, స్పీడ్ లాంటి అంకెలు) మొత్తం చూసి తేల్చేస్తారు. 2002లో రూబీ, సఫైర్ గేమ్స్‌తో వచ్చిన స్లేకింగ్ స్టాట్స్ మొత్తం 670. అదే గేమ్స్‌లో కవర్ మీద ఉన్న గ్రౌడాన్, కయోగర్‌ల మొత్తం కూడా సరిగ్గా 670. స్లేకింగ్ ఎటాక్ 160, హెచ్‌పీ 150. అంకెలు చూస్తే భయపడాలి. కానీ దాని ఎబిలిటీ (పుట్టుకతో వచ్చే గుణం) ట్రూయంట్. ఒక టర్న్ కొడితే తర్వాతి టర్న్ ఊరికే కూర్చుంటుంది. అది కొట్టే టర్న్‌లో ప్రొటెక్ట్ అనే రక్షణ మూవ్ వేసుకోవచ్చు, ఖాళీ టర్న్‌లో స్విచ్ చేసుకోవచ్చు (వేరే పోకెమాన్‌ను దించొచ్చు), ఎటాక్ పెంచే స్వోర్డ్స్ డాన్స్ వేసుకుని మీద పడొచ్చు. దాన్ని బ్యాన్ చేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇప్పుడు అదే తరంలో, అంటే ఆ విడత గేమ్స్‌లో, వోబఫెట్‌ను చూడండి. మొత్తం 405. ఎటాక్ 33, స్పెషల్ ఎటాక్ 33, స్పీడ్ 33. తనంతట తాను కొట్టే మూవ్ ఒక్కటీ లేదు. కొత్తగా ఆడేవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. కానీ దాని ఎబిలిటీ షాడో ట్యాగ్, అంటే ఎదుటివాడు స్విచ్ చేయలేడు. మీరు ఫిజికల్ మూవ్‌తో కొడితే కౌంటర్‌తో రెట్టింపు తిరిగొస్తుంది. స్పెషల్‌తో కొడితే మిర్రర్ కోట్‌తో రెట్టింపు. కొట్టకుండా విషం పెట్టే ఏ టాక్సిక్కో, బలం పెంచుకునే సెటప్ మూవో వేస్తే ఎంకోర్ పెట్టి కొన్ని టర్నుల పాటు మిమ్మల్ని అదే మూవ్‌లో ఇరికిస్తుంది. ఇక వోబఫెట్ హాయిగా బయటికి వెళ్ళి, దాని వెనకున్న స్వీపర్ (వరసగా అన్నిటినీ పడగొట్టేది) వచ్చి మీ ముందే తీరిగ్గా ఎటాక్, స్పీడ్ పెంచే డ్రాగన్ డాన్స్ వేసుకుంటుంది. హెచ్‌పీ 190 కాబట్టి ఒక్క దెబ్బకు పోదు. అప్పట్లో ఇంకో విడ్డూరం కూడా ఉండేది. రెండు వైపులా ప్రతి టర్న్ కొంత హెచ్‌పీ తిరిగిచ్చే లెఫ్టోవర్స్ పట్టుకున్న వోబఫెట్‌లే ఎదురుపడితే ఎవరూ స్విచ్ చేయలేరు, ఎవరూ చావరు, మ్యాచ్ ఎప్పటికీ ముగియదు. నాలుగో తరంలో గేమ్ తయారుచేసినవాళ్ళే షాడో ట్యాగ్ ఉన్నదాన్ని షాడో ట్యాగ్ పట్టుకోలేదని రూల్ మార్చాల్సి వచ్చింది. పోటీ రూల్స్ రాసే అభిమానుల సైట్ స్మోగాన్ దాన్ని ఉబర్స్‌లో, అంటే మరీ బలమైనవాటి వర్గంలో పెట్టింది. కొన్ని తరాల తర్వాత షాడో ట్యాగ్ ఎబిలిటీనే ఓయూలో, అంటే తన ప్రధాన వర్గంలో, బ్యాన్ చేసింది.

670 ఉన్నది స్వేచ్ఛగా తిరిగింది, 405 ఉన్నది బ్యాన్ అయింది. అందుకే బలాన్ని అంకెలతో కొలవొద్దంటాను.

మరి దేనితో కొలవాలి? ఈ ఆటలో అసలు సరుకు నిర్ణయం. ఏ ఆరింటిని కట్టాలి, ఈ టర్న్‌లో స్విచ్ చేయాలా కొట్టాలా, వాడు ఏం చేస్తాడని నేను అనుకుంటున్నాను, నేను ఏం చేస్తానని వాడు అనుకుంటున్నాడు. ఒక పోకెమాన్ ఎంత బలంగా ఉన్నా ఈ నిర్ణయాలు మిగిలే ఉంటే అది ఆటకు మేలే చేస్తుంది. దాన్ని ఎలా ఆపాలా అని రాత్రంతా ఆలోచించడం కూడా ఆటలో భాగమే. నిర్ణయాలను మింగేసేది మాత్రం తప్పుకోవాలి.

నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. టీమ్ కట్టేటప్పుడు అందరూ దీనికోసమే ఎన్ని స్లాట్లు ఖర్చుపెడుతున్నారు? దీని చేతిలో ఓడినవాడు తర్వాత రీప్లే చూసుకుంటే "ఇదిగో, ఇక్కడ తప్పు చేశాను" అని వేలు పెట్టి చూపించగలడా? బాగా ఆడేవాడు, మామూలుగా ఆడేవాడు ఇద్దరూ దీన్నే వాడితే బాగా ఆడేవాడు ఎక్కువసార్లు గెలుస్తున్నాడా?

రెండో ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఓటమి బాధ కలిగించినా ఫరవాలేదు, ఏదో ఒకటి నేర్పాలి. నాలుగో తరంలో గార్‌చాంప్‌ను ఓయూ నుంచి తీసేయడం వెనక దాని బలం ఉంది, 102 స్పీడ్ ఉంది, కానీ అందరినీ విసిగించింది దాని ఎబిలిటీ శాండ్ వెయిల్. ఇసుక తుఫానులో మన దెబ్బలు 20 శాతం సార్లు తగలవు. మీరు సరైన పోకెమాన్ తెచ్చారు, సరైన టర్న్‌లో ఐస్ బీమ్ వేశారు, తగల్లేదు, మ్యాచ్ పోయింది. రీప్లే పదిసార్లు చూసినా మీ తప్పు కనబడదు. ఐదో తరంలో కూడా గార్‌చాంప్ మళ్ళీ బ్యాన్ అయింది. తర్వాత శాండ్ వెయిల్‌ను విడిగా బ్యాన్ చేసి, రఫ్ స్కిన్ అనే వేరే ఎబిలిటీ ఉన్న గార్‌చాంప్‌ను వెనక్కి రానిచ్చారు. అది చాలా మంచి నిర్ణయమని నేను ఇప్పటికీ అనుకుంటాను. జబ్బు ఎక్కడుందో అక్కడే కోశారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇప్పుడు మీ కాలిరెక్స్‌ను ఈ ప్రశ్నల ముందు నిలబెడదాం. స్పెషల్ ఎటాక్ 165, స్పీడ్ 150. దానికన్నా ముందు కదిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. దాని ఘోస్ట్ మూవ్ ఏస్ట్రల్ బరాజ్ పవర్ 120. గురి తప్పదు, వాడినందుకు తర్వాత నష్టం ఏమీ లేదు. ఒకదాన్ని పడగొట్టగానే ఎబిలిటీ వల్ల స్పెషల్ ఎటాక్ ఇంకో మెట్టు పెరుగుతుంది. అంటే మొదటి దెబ్బ కష్టం, రెండోది తేలిక, మూడోది ఇంకా తేలిక. సైకిక్, ఘోస్ట్ టైప్ కాబట్టి డార్క్, ఘోస్ట్ దెబ్బలు నాలుగు రెట్లు తగులుతాయన్నది నిజమే. కానీ ఆ దెబ్బ వేయాలంటే ముందు బతికుండాలి. అందుకని మీ లీగ్‌లో అందరూ డార్క్ టైప్‌లు, ఘోస్ట్ దెబ్బ తగలని నార్మల్ టైప్‌లు, ఎదుటివాడు కొట్టబోతేనే ముందుగా తగిలే సక్కర్ పంచ్, స్పీడ్ పెంచే చాయిస్ స్కార్ఫ్ కోసం వెతుకుతూ ఉండి ఉంటారు. ఈ మూడు వారాల టీమ్‌లన్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఆరింటిలో రెండు మూడు స్లాట్లు దీనికోసమే పోతున్నాయంటే మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అన్నీ పెట్టుకున్నా అది సబ్‌స్టిట్యూట్ అనే అడ్డుబొమ్మ వెనక కూర్చుంటే సక్కర్ పంచ్ ఊహ ఒక్కసారి తప్పితే చాలు.

అలాగని "ఆడటం నేర్చుకోండి" అనేవాళ్ళ మాట కొట్టిపారేయకండి. వాళ్ళు సగం కరెక్టే. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్ గుర్తుందా? వాషింగ్టన్ డీసీలో జరిగింది, రెండేసి పోకెమాన్ ఒకేసారి ఆడే డబుల్స్ పోటీ. అప్పుడు అందరి నోటా మెగా కంగాస్కాన్ (మెగా స్టోన్ పట్టుకుని మ్యాచ్‌లో మారే బలమైన రూపం) పేరే. ఒక్క మూవ్‌కు రెండు దెబ్బలు, రెండో దెబ్బ మొదటిదానిలో సగం. మెగా స్టోన్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. దాన్ని ఆపలేమని వాపోయినవాళ్ళు ఎంతోమంది. ఆ సంవత్సరం కొరియా ఆటగాడు సే జున్ పార్క్ పచిరిసు అనే చిన్న ఉడతతో వచ్చి కప్పు పట్టుకుపోయాడు. పచిరిసు మొత్తం ఎంతో తెలుసా? 405. సరిగ్గా వోబఫెట్ అంతే. ఫాలో మీతో ఎదుటివాళ్ళ దెబ్బలన్నీ తనమీదికి లాక్కుంటూ, సూపర్ ఫ్యాంగ్‌తో సగం హెచ్‌పీ కొరికేస్తూ, పక్కనున్న మెగా గ్యారడోస్‌కు దారి ఇచ్చింది. ఆ రోజు కంగాస్కాన్‌ను ముందే బ్యాన్ చేసి ఉంటే పచిరిసు గురించి ఎవరికీ తెలిసేది కాదు. బలమైనది ఎదురుగా ఉన్నప్పుడే ఇలాంటి ఆలోచనలు పుడతాయి. ఈ మ్యాచ్ తలుచుకున్నప్పుడల్లా బ్యాన్ జాబితాలో ఒక పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఇక్కడో మెలిక ఉంది. అదే మెగా కంగాస్కాన్‌ను స్మోగాన్ సింగిల్స్‌లో, ఓయూ నుంచి తీసేశారు. రెండూ సరైన నిర్ణయాలే. డబుల్స్‌లో పక్కన ఇంకొకటి ఉంటుంది. ఫాలో మీ ఉంటుంది, ఎదుటివాళ్ళ ఎటాక్ తగ్గించే ఇంటిమిడేట్ ఉంటుంది, ఒకేసారి ఇద్దరు కలిసి కొట్టొచ్చు. సింగిల్స్‌లో అదొక్కటీ, మీరొక్కరూ. ఇన్సినరోర్‌కు సరిగ్గా దీనికి ఎదురు కథ. డబుల్స్‌లో ఏళ్ళ తరబడి దాదాపు ప్రతి టీమ్‌లో కనిపిస్తుంది, సింగిల్స్‌లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కాబట్టి ఎవరైనా ఎక్కడి జాబితానో తెచ్చి మీ ముందు పెడితే ముందు అది ఏ ఫార్మాట్‌దో అడగండి.

పేరున్న బలవంతులను బ్యాన్ చేయడం మొదటి నుంచీ ఉన్నదే. రెడ్, గ్రీన్ గేమ్స్ 1996లో జపాన్‌లో వచ్చాయి. అందులో మ్యూటూ స్పెషల్ 154, స్పీడ్ 130. అప్పట్లో స్పెషల్ ఒకటే స్టాట్, దాడికీ రక్షణకూ అదే. ఏమ్నీషియా ఒక్కసారి వేస్తే రెండూ ఒకేసారి రెట్టింపు అయ్యేవి. క్రిటికల్ హిట్ అవకాశం బేస్ స్పీడ్ మీద ఆధారపడేది కాబట్టి మ్యూటూకు దాదాపు ప్రతి నాలుగు దెబ్బల్లో ఒకటి క్రిటికల్. సైకిక్ మీద పనిచేయాల్సిన ఘోస్ట్ మూవ్‌లు ఒక తప్పిదం వల్ల అసలు తగిలేవే కావు. బగ్ టైప్‌లో చెప్పుకోదగ్గ మూవ్ లేదు. అందుకే పోకెమాన్ స్టేడియం గేమ్‌లో పోకె కప్‌లో మ్యూ, మ్యూటూలకు ప్రవేశం లేదు, అన్నిటినీ రానిచ్చే ప్రైమ్ కప్ విడిగా పెట్టారు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్‌లో డార్క్, స్టీల్ టైప్‌లు తెచ్చి, స్పెషల్‌ను రెండుగా విడగొట్టారు. తయారీదారులు చేతిలో ఉన్న ఆటనే మార్చగలరు. మీకూ నాకూ ఆ వీలు లేదు కాబట్టి జాబితా ఒక్కటే మార్గం.

అధికారిక డబుల్స్ పోటీలు నడిచే పద్ధతి కూడా చూడండి, మీకు పనికొస్తుంది. వాళ్ళు చాలా సీజన్లలో కవర్ లెజెండరీలను (గేమ్ కవర్ మీద ఉండే అరుదైన బలవంతులను) మొత్తానికే ఆపుతారు. కొన్ని సీజన్లలో టీమ్‌కు ఒకటో రెండో అని అనుమతిస్తారు. 2016లో రెండేసి అనుమతించారు. ఆ ఏడాదంతా ప్రైమల్ గ్రౌడాన్, జెర్నియాస్ జంటే. పవర్ హెర్బ్ పట్టుకున్న జెర్నియాస్ జియోమాన్సీ వేస్తే ఒక్క టర్న్‌లో స్పెషల్ ఎటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ మూడూ రెట్టింపు. దాని పక్కన స్మియర్‌గల్ డార్క్ వాయిడ్‌తో ఇద్దరినీ ఒకేసారి నిద్రపుచ్చుతుంది. టీమ్‌లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి, చూసేవాళ్ళకూ విసుగొచ్చింది. అయినా కప్పు గెలిచిన వుల్ఫ్ గ్లిక్ ఆ జంటను వాడలేదు. ప్రైమల్ కయోగర్, మెగా రేక్వేజాలను తెచ్చాడు. అంటే తాళం ఎంత గట్టిదైనా తీసేవాడు ఒకడుంటాడు. ఆ తర్వాతి తరంలో గేమ్ వాళ్ళు డార్క్ వాయిడ్ గురిని 80 నుంచి 50కి తగ్గించి, డార్క్‌రై తప్ప ఇంకెవరూ వాడకుండా చేశారు. జెర్నియాస్‌ను ముట్టుకోలేదు. సరైన చోటే చెయ్యి పెట్టారని నా అభిప్రాయం. జియోమాన్సీని టాంట్‌తో (కొట్టని మూవ్‌లను అడ్డుకునే మూవ్‌తో) ఆపొచ్చు. నిద్రపోయినవాడు మాత్రం ఎన్ని టర్నులని కూర్చుని లెక్కపెట్టుకుంటాడు?

ఇక నా తప్పు చెప్తానన్నాను. ఎక్స్, వై గేమ్స్ వచ్చిన కొత్తలో ఒక చిన్న లీగ్ నడిపాను. అప్పుడు టాలన్‌ఫ్లేమ్ గేల్ వింగ్స్ ఎబిలిటీతో బ్రేవ్ బర్డ్‌ను ఎప్పుడూ ముందే కొట్టేది. ఆటగాళ్ళు గోల పెట్టారు. రెండో వారంలోనే తీసేశాను. అది పోగానే అన్నాళ్ళూ దానికి భయపడి బయటికి రాని బ్రెలూమ్, మెగా హెరాక్రాస్ వచ్చి పడ్డాయి. ఆ రెండిటికీ ఫ్లయింగ్ దెబ్బ నాలుగు రెట్లు తగులుతుంది, టాలన్‌ఫ్లేమే వాటికి కాపలా అని నాకు తట్టలేదు. మళ్ళీ గోల, మళ్ళీ బ్యాన్. మూడు నెలల్లో జాబితాలో 11 పేర్లు చేరాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. ప్రతివాడూ తనను ఓడించినదాన్ని బ్యాన్ చేయించడమే పనిగా పెట్టుకున్నాడు, ఎవరూ టీమ్ మార్చుకోవడం లేదు. బాగా ఆడే నలుగురు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వాళ్ళలో ఒకరు వెళ్తూ "నేను కష్టపడి కట్టిన టీమ్ ఏ వారం చెల్లకుండా పోతుందో తెలియడం లేదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ లీగ్ తర్వాత నేను పట్టుకున్న పద్ధతి స్మోగాన్ సస్పెక్ట్ టెస్ట్ నుంచి నేర్చుకున్నదే. అక్కడ అనుమానం ఉన్నదాన్ని వెంటనే తీసేయరు. కొంతకాలం అందరూ ఆడి, ర్యాంకుల లాడర్‌లో ఒక స్థాయికి చేరినవాళ్ళకే ఓటు ఇస్తారు. బ్యాన్ కావాలంటే మామూలు మెజారిటీ చాలదు, ఇప్పుడు 60 శాతం కావాలి. మరీ అన్యాయమైనవైతే ఓటు దాకా ఆగకుండా కౌన్సిలే తీసేస్తుంది. ఎనిమిదో తరంలో పోకెమాన్‌ను కొన్ని టర్నులు భారీగా పెంచే డైనమాక్స్‌నే స్మోగాన్ ఓయూ నుంచి తీసేశారు. తొమ్మిదో తరంలో టైప్ మార్చే టెరా మీద కూడా పెద్ద చర్చ నడిచింది, కానీ దాన్ని ఉంచారు.

మీ లీగ్‌లో 12 మందే కాబట్టి ఇలా చేయండి. ఇప్పుడు నడుస్తున్న సీజన్‌ను ఉన్న రూల్స్‌తోనే ముగించండి. ఆ ఆటగాడు రూల్ ఏదీ మీరలేదు, గెలిచిన మూడు వారాలూ అతనివే. అందరి ముందూ ఆ మాట చెప్పండి. సీజన్ అయ్యాక కాలిరెక్స్‌నూ, దాని స్థాయిలోని కవర్ లెజెండరీలనూ కొత్త సీజన్‌కు పక్కన పెట్టండి. ఇందులో ఓటు అక్కర్లేదు, స్మోగాన్ ఉబర్స్ జాబితాను మొదటి రోజుకు అలాగే తీసుకోవచ్చు. డబుల్ టీమ్ లాంటి ఇవేజన్ మూవ్‌లు, ఒక్క దెబ్బకు చంపే, 30 శాతం గురి ఉన్న మూవ్‌లు ముందే తీసేయండి. వాటిమీద వాదన పెట్టుకుని టైమ్ పాడుచేసుకోవద్దు. ఆ తర్వాత ఎవరైనా ఇంకో పేరు తెస్తే కనీసం నాలుగు వారాలు ఆగండి. అడిగినవాడు తన టీమ్‌లో దాన్ని ఆపడానికి ఏమేం ప్రయత్నించాడో మూడు రీప్లేలు తేవాలని రూల్ పెట్టండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే కరిగిపోతాయి, నేను చూశాను. అయినా మిగిలితే ఓటు పెట్టండి. 12లో 8 మంది ఒప్పుకుంటేనే బ్యాన్.

జాబితాలోకి వెళ్ళినవి తిరిగొచ్చే దారి కూడా ఉంచండి. ఇది చాలామంది మర్చిపోతారు. డార్క్‌రై నాలుగో తరంలో ఉబర్స్, తొమ్మిదో తరం ఓయూలో మామూలుగా తిరుగుతోంది. బ్లేజికెన్ స్పీడ్ బూస్ట్ వల్ల ఐదో తరంలో ఉబర్స్‌కు పోయింది, ఎనిమిదో తరంలో ఓయూకు తిరిగొచ్చింది. చుట్టూ ఉన్నవి బలపడేకొద్దీ నిన్నటి రాక్షసి ఇవాళ మామూలైపోతుంది. సీజన్‌కు ఒకసారి ఒక్కదాన్ని రెండు వారాలు వదిలి చూడండి.

మీ విజేతకు కాలిరెక్స్ అంటే ఇష్టమేమో కూడా కనుక్కోండి. స్మోగాన్‌లో మెగా రేక్వేజా ఉబర్స్‌కు కూడా ఎక్కువైపోతే దానికోసం ఎనీథింగ్ గోస్ అనే కొత్త వర్గమే (టియర్) పుట్టింది. మొత్తం 780, పైగా మెగా స్టోన్ అక్కర్లేదు కాబట్టి చేతిలో ఇంకో ఐటం కూడా పట్టుకోగలదు. అయినా దాన్ని పారేయలేదు, ఆడుకోవడానికి చోటిచ్చారు. మీరూ నెలకో ఆదివారం ఏ బ్యాన్‌లూ లేని టోర్నమెంట్ పెట్టండి. అది నడిపే బాధ్యత ఆయనకే అప్పగిస్తే మంచిది, అందులో ఏది ఎలా పనిచేస్తుందో మీ గుంపులో ఆయనకే బాగా తెలుసు.